కాలవ గట్టు ఎక్కకుండా ప్రసంగం రాయలేరు

"రాజకీయ నాయకులకు ప్రసంగాలు రాస్తూ బతకొచ్చా, దాంతో రచయితగా నిలబడొచ్చా?" అని అడిగారు. కోనసీమలో ఒక నాయకుడికి ఆరేళ్లు రాశాను కాబట్టి చెబుతున్నాను. బతకొచ్చు. కానీ గదిలో కూర్చుని రాసేవాళ్లకి ఈ పని రానే రాదు.

2011 సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, గుర్తుందా? ఊడ్పులు అవ్వాల్సిన చేలల్లో తుంగ మొలిచింది. మా నాయకుడు ఒక ఊళ్లో రైతులతో మాట్లాడాలి. రాత్రంతా కూర్చుని నాలుగు పేజీలు రాశాను. అన్నపూర్ణ, అన్నదాత, కాటన్ దొర, ధవళేశ్వరం ఆనకట్ట, అన్నీ పెట్టాను. ఆయన రెండో పేజీలోకి వచ్చేసరికి ముందు వరసలో ఒక పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "కాటన్ దొర సంగతి మాకూ తెలుసండి. మురుగు కాలవలో గుర్రపుడెక్క ఎప్పుడు తీయిస్తారో అది చెప్పండి" అన్నాడు. నా కాగితంలో ఆ ముక్కే లేదు. నాయకుడు నా వైపు చూశాడు. తల ఎత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆ పెద్దాయన వెంట కాలవ గట్టు మీద నడిచాను. నీళ్లు కనపడవు, డెక్క మీద కొంగలు తిరుగుతున్నాయి. ఎకరానికి పెట్టుబడెంత, బస్తా ఎంతకి అడుగుతున్నారు, చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాతి సభకి ఒకటే పేజీ. నాయకుడికి ఆయాసం, అందుకని ఆయన ఊపిరి అందేంత వరకే వాక్యం. ఈసారి మధ్యలో ఎవరూ లేవలేదు.

తర్వాత అమెరికా అధ్యక్షుడైన కెనడీకి ప్రసంగాలు రాసిన టెడ్ సోరెన్సన్ 1953లో, 24 ఏళ్లకే ఆయన దగ్గర చేరాడు. అధ్యక్ష ఎన్నికకి ముందు కెనడీతో కలిసి 50 రాష్ట్రాలూ తిరిగాడు. 1961 ప్రమాణ స్వీకార ప్రసంగం వెనక ఆ తిరుగుడంతా ఉంది. 1965లో కెనడీ మీద పుస్తకం, 2008లో తన జ్ఞాపకాలూ రాసుకున్నాడు.

ఇక్కడేమో ఎన్నికలు రాగానే ఎక్కడి నుంచో ల్యాప్‌టాప్‌లతో దిగి, ఇంగ్లీషులో రాసి తెలుగు చేయిస్తున్నారు. దాళ్వా అనాల్సిన చోట "రబీ సీజన్" అని చదివిస్తే అంతర్వేదిలో ఎవరికెక్కుతుంది? కడుపు మండిపోతుంది.

నెల జీతం మీద ఆశ పెట్టుకోకండి. ఎన్నికల ఏడాది చేతినిండా పని, మిగతా కాలం నేను ట్యూషన్లు చెప్పుకున్నాను. పేరు కూడా రాదు. నేను రాసిన వ్యాసం ఒకటి నాయకుడు తన పేరుతో వేయించుకున్నాడు. అడిగితే "మనలో మనకేంటి" అన్నాడు. చాలా బాధేసింది. అప్పటి నుంచి ఆ నోట్‌బుక్‌లో ఉన్నవి నా పేరుతోనే కథలుగా రాస్తున్నాను. మొదటి కథ ఆ పెద్దాయన తువ్వాలు దులుపుతూ లేవడంతో మొదలవుతుంది.