షాంటీ పాటలు తెరచాప ఓడల కళాసీలకు కాలక్షేపమేనా?

తెరచాప ఓడల మీద పాడిన షాంటీలు కళాసీలకు కాలక్షేపం మాత్రమేనా, అంతకు మించి ఏమైనా ఉందా అని మీరు అడిగారు. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల డెక్కు మీద పనిచేసినవాడిగా నేను చెప్పగలిగేది, అవి మోకూ కప్పీల వంటి పనిముట్లు.

ఈ సంగతి నాకు చేతులతోనే తెలిసింది. ఒక రేవులో ఓడను కట్టే వేళ మోకు లాగే యంత్రం, విన్చ్, ఆగిపోగా, నానిన లావుపాటి మోకును పదిమందిమి చేతులతో లాగవలసి వచ్చింది. ఎవరికి వారు లాగినంతసేపూ అది జానెడైనా కదలలేదు. చిన్ననాడు భీమిలి ఒడ్డున అలివి వల లాగిన పెద్దాయన ఒకరు "హైలెస్సా" అని గొంతెత్తారు; మేమంతా వంత పలుకుతూ ఆ పలుకు మీదే ఒక్కసారిగా బరువు వేస్తే మోకు మూరలు మూరలుగా లోపలికి వచ్చింది.

19వ శతాబ్దపు బ్రిటిష్, అమెరికన్ సరుకు ఓడల్లో ఇది నిత్యకృత్యం. ఖర్చు తగ్గించుకోవడానికి యజమానులు కొద్దిమందినే పెట్టుకునేవారు కనుక ఆ కొద్దిమంది బలమూ ఒకే క్షణంలో కలవాలి. పాట నడిపే షాంటీమన్ చరణం అందుకున్నప్పుడు మిగిలినవారు ఊపిరి తీసుకుని పట్టు సరిచూసుకునేవారు. వంత పాదంలో ఊనిక పడే రెండుచోట్లా లాగి తెరచాపను పైకెత్తేవారు. లంగరు తీసేందుకు, దాన్ని పైకి లాగే నిలువు ఇరుసైన క్యాప్‌స్టన్ చుట్టూ తిరిగేటప్పుడు మాత్రం నడకకు సరిపడే పొడవైన పల్లవులు సాగేవి. మనుషులకు కొదవలేని బ్రిటిష్ యుద్ధనౌకల్లో పనివేళ పాట నిషిద్ధం. న్యూ ఆర్లియన్స్, మొబైల్ వంటి రేవుల్లో పత్తి బేళ్లను ఓడల్లోకి కుక్కిన నల్లజాతి కూలీల పాటలకు ఈ సంప్రదాయం ఎంతో రుణపడి ఉందన్న సంగతిని కూడా గౌరవంతో గుర్తు పెట్టుకోవాలి.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ పాటల్లోని నిష్ఠూరం. కెప్టెన్‌ను, తిండిని మామూలు మాటల్లో తప్పుపడితే అది ధిక్కారం. అదే నింద పాటలో వస్తే, పని సాగుతున్నంతవరకు, చూసీచూడనట్టు వదిలేసేవారు. ప్రయాణం ముగిసి ఓడలో చేరిన నీటిని తోడేందుకు ఆఖరుసారి పంపు కొట్టేటప్పుడు పాడే 'లీవ్ హర్, జానీ'లో అన్నాళ్లూ మింగిన కోపమంతా బయటపడేది. అలాగే, ఓడెక్కకముందు తీసుకున్న నెల అడ్వాన్సు ఒడ్డునే, తరచుగా బస ఇచ్చినవాడి చేతిలోనే, కరిగిపోయేది కాబట్టి మొదటి నెల ఊరికే చేసిన చాకిరీలా తోచేది. ఆ నెల తీరిననాడు, ఆ చాకిరీకి గుర్తుగా గుడ్డతో, గడ్డితో చేసిన 'చచ్చిన గుర్రాన్ని' పాడుతూ పైకెత్తి సముద్రంలో పడవేసేవారు. ఉద్యోగం ఇప్పించిన ఏజెంటు అప్పు తీర్చడానికే మొదటి ఒప్పందం జీతమంతా పోసిన నాకు, ఆ వేడుకలో వారు పడిన ఊరట బాగా తెలుసు.

ఆవిరి యంత్రాలతో ఆ పని, దానితోపాటు పాట తగ్గిపోయాయి. 1929లో కేప్ వర్డె దీవుల దగ్గర దెబ్బతిన్న గార్త్‌పూల్ ఓడలో పనిచేసిన షాంటీమన్ స్టాన్ హ్యూగిల్ తరువాత వందల పాటలను గ్రంథస్థం చేశారు. ఇప్పటి రికార్డింగుల్లో అవి చివరి చరణం దాకా సాగుతాయి. ఓడ మీద అయితే తెరచాప తన చోటికి చేరగానే మోకు కట్టమని కెప్టెన్ కింది అధికారి అయిన మేటు కేక వేసేవాడు, పాట పాదం మధ్యలోనే ఆగిపోయేది.