30 శాతం వైకల్యం ఉన్న పిల్లవాడిని బడి వద్దనవచ్చా?

ప్రశ్న: మా బాబుకు సెరిబ్రల్ పాల్సీ. సదరం క్యాంపులో 30 శాతం వైకల్యం అని రాసిచ్చారు. ఐదో తరగతి దాకా కింది గదుల్లో చదివాడు. ఆరో తరగతి రెండో అంతస్తులో ఉంది, మెట్లెక్కలేడు. ‘40 శాతం లేకపోతే చట్టం వర్తించదు, టీసీ తీసుకెళ్లండి’ అని ప్రిన్సిపాల్ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. బాధ తట్టుకోలేక దాన్ని డిలీట్ చేశాను. డబ్బిస్తే 45 శాతం సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ బడికి ప్రభుత్వ గుర్తింపు ఉందా? తేలాల్సింది అదొక్కటే. ఉంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 ఆ బడికి వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి. ఆ సెక్షన్‌లో 40 శాతం అన్న మాటే లేదు. 40 శాతం కావాల్సింది సెక్షన్ 31 కింద ఉచిత విద్యకు, సెక్షన్ 32 కింద ఉన్నత విద్యలో రిజర్వేషన్‌కు. అన్ని హక్కులకూ ఆ శాతాన్ని షరతుగా పెట్టకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీరు అడిగేది లిఫ్ట్ కాదు. ఆరో తరగతిని కింది గదిలోకి మార్చమంటున్నారు. గదులు మార్చుకోవడం మోయలేని భారమని చెప్పడం ఏ యాజమాన్యానికైనా కష్టమే.

ఆ సర్టిఫికెట్ జోలికి వెళ్లకండి. మోసం చేసి దివ్యాంగుల ప్రయోజనం పొందాలని ప్రయత్నించినా సెక్షన్ 91 కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా మీ చేతిలో ఉన్న నిజమైన 30 శాతం కాగితాన్ని కూడా ఎవరూ నమ్మరు. గెలిచే కేసును మీరే పాడు చేసుకుంటారు.

ఇక ఆ మెసేజ్ డిలీట్ చేయడం పెద్ద పొరపాటు. బడి మీ బాబును ఎందుకు వద్దంటోందో వాళ్ల నోటితోనే చెప్పిన సాక్ష్యం అది. మీవారికో బంధువులకో ఫార్వర్డ్ చేశారేమో చూడండి. దొరికితే ఆ ఫోన్‌ను అలాగే ఉంచండి. కోర్టులో కాపీ ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి.

దొరకకపోయినా దారి ఉంది. ఈ వారమే ప్రిన్సిపాల్‌కు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఫలానా తేదీన టీసీ తీసుకెళ్లమన్నారు, తరగతిని కిందికి మార్చండి, కుదరదంటే కారణం రాసివ్వండి అని అడగండి. ఒక కాపీ జిల్లా విద్యాధికారికి (డీఈఓకు) పంపండి. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. సాక్షులను, రికార్డులను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలు ఆయనకున్నాయి. అక్కడా ఆలస్యమైతే హైకోర్టులో రిట్ వేసి, కేసు తేలేదాకా బాబును క్లాసులో కూర్చోబెట్టమని మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. ఏడాది గడిచాక వెళ్తే ఆ ఉత్తర్వుతో పనిలేదు. సెక్షన్ 89 కింద బడికి జరిమానా వేయించాలనుకుంటే అది జరిమానా మాత్రమే ఉన్న నేరం. కాబట్టి ఆరు నెలలు దాటితే కోర్టు సాధారణంగా విచారణకు తీసుకోదు.

ఈలోగా ‘మా ఇష్టంతోనే టీసీ తీసుకుంటున్నాం’ అనే కాగితం మీద మీరు గానీ మీవారు గానీ సంతకం పెట్టవద్దు. బాబును రోజూ బడికి పంపండి. గేటు దగ్గర ఆపితే ఎవరు ఆపారో, ఎన్ని గంటలకో ఆ రోజే రాసి డీఈఓకు పంపండి.