లెట్యూస్ మొలవకపోవడానికి కారణం లోతే కావచ్చు

టమాటా, లెట్యూస్ ఒకే ట్రేలో అర అంగుళం లోతున వేస్తే టమాటా ఒక్కటే మొలిచిందని, లెట్యూస్ విత్తనాలు పాడైపోయాయేమోనని రాశారు. అప్పుడే టెన్షన్ పడి ప్యాకెట్ పారేయకండి. నా అనుమానం లోతు మీదే.

లెట్యూస్‌లో చాలా రకాలు వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. నానిన గింజలో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. ఎరుపు కాంతి పడితే అది మొలకను మేల్కొలుపుతుంది, దూర ఎరుపు కాంతి (ఎరుపుకు అవతల, మన కంటికి అంతగా కనిపించని కాంతి) పడితే ఆపేస్తుంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ అనే శాస్త్రవేత్తల బృందం తడి లెట్యూస్ గింజల మీద ఈ రెండు కాంతులనూ మార్చి మార్చి వేసి చూసింది. ఎన్నిసార్లు మార్చినా చివర ఏది పడితే దానిదే పైచేయి! ఎంత అద్భుతమో చూడండి. పచ్చని ఆకులు ఎరుపును పీల్చుకుని దూర ఎరుపును కిందికి వదిలేస్తాయి కాబట్టి ట్రేని గుబురు మొక్కల కింద పెట్టకండి.

ఈసారి మట్టిని ముందే తడిపి, గింజలు పైన చల్లి, వేలితో మెల్లగా అదమండి. కప్పక తప్పదనిపిస్తే గింజ లీలగా కనిపించేంత పలుచగా చాలు. పైనున్న గింజ ఇట్టే ఆరిపోతుంది, అందుకే స్ప్రేతో తడుపుతూ, పారదర్శకమైన మూత పెట్టి, నేరుగా ఎండ పడని వెలుగులో ఉంచండి. మట్టి వేడి 30 డిగ్రీలు దాటితే మాత్రం వెలుతురు ఉన్నా చాలా రకాలు మొండికేస్తాయి.

పిటూనియా పూల విత్తనాలకూ ఇదే పద్ధతి. కాలెండులా పూల విత్తనాలు వేస్తే మాత్రం మట్టి కప్పండి, దానికి చీకటే ఇష్టం.