బొగ్గు నూనె ప్లాంటులో చేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి రవికి గాజువాక నుంచి మామయ్య ఆశీస్సులు.

బొగ్గు నుంచి డీజిల్ తీసే ప్లాంటులో ఉద్యోగం వచ్చిందని అక్క చెప్పింది. సంతోషం రా. బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ల పక్కన, దాన్నుంచి వచ్చే తారు, బెంజాల్ నూనెల మధ్య బతికినవాణ్ని కాబట్టి కొన్ని మాటలు.

గ్యాస్ గురించి ట్రైనింగులో గట్టిగానే చెబుతారు. 2020 మే 7న వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకై ఏమైందో తెలిసిన విశాఖవాడివి, నీకు వేరే భయం పెట్టక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. కుళ్లిన గుడ్డు వాసన ఆగిపోయిందని గ్యాస్ పోయిందనుకోకు. ఆ వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దాకా చేరితే ముక్కే మొద్దుబారిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు. మీటరు చెప్పిందే నమ్ము.

నా బెంగంతా నీ చర్మం గురించి. ముందు మీది ఏ పద్ధతో కనుక్కో. బొగ్గును గ్యాస్ చేసి, దాన్నుంచి ఇంధనం తీస్తే చివర వచ్చే నూనె కాస్త నయం. హైడ్రోజన్ ఒత్తిడితో బొగ్గును నేరుగా ద్రవం చేసేచోట చిక్కటి నూనెల్లో బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. 1950లలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో అలాంటి ప్లాంటులో పనిచేసినవాళ్లకి చర్మ క్యాన్సర్లు బయటపడ్డాయి.

చమురు గుడ్డ ప్యాంటు జేబులో కుక్కుకునే అలవాటు మనవాళ్లందరికీ ఉంది. నువ్వు చేసుకోకు. చెప్పడానికి మొహమాటమే గానీ, ఆ చమురు చేరేది ఎక్కడికో ఆలోచించు. లండన్‌లో పొగగొట్టాలు తుడిచేవాళ్లకి ఆ మసి చేరి వృషణాల సంచి మీద క్యాన్సర్ వస్తోందని పెర్సివల్ పాట్ అనే డాక్టరు 1775లోనే రాశాడు. అందుకే బాత్రూంకి వెళ్లొచ్చాకే కాదు, వెళ్లేముందూ చేతులు కడుక్కో.

కిరసనాయిలుతో మాత్రం కడగకు, చర్మం పగిలి లోపలికి ఇంకా తేలిగ్గా దారి దొరుకుతుంది. కొబ్బరినూనె రాసి తుడిచి, సబ్బు పెట్టు. గుడ్డ గ్లవ్స్ నూనె పీల్చి చేతికే పట్టి ఉంచుతాయి, నూనె దిగని రకం అడుగు. ఉక్కపోత అని చొక్కా చేతులు పైకి మడిచావో, తారు అంటినచోట ఎండ తగిలి కారం పూసినట్టు మండుతుంది. డ్యూటీ బట్టలు ఇంటికి తేకు. మీ ఆవిడ పిల్లాడి చొక్కాలతో కలిపి నానబెట్టేస్తుంది.

మానని పుండు, గరుకు మొటిమ కనిపిస్తే చిన్నదే కదా అని ఊరుకోకుండా డాక్టరుకి చూపించు, ఏ నూనెతో పనిచేస్తున్నావో కూడా చెప్పు. ఈ జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకి కూడా బయటపడొచ్చు. అప్పటికి ప్లాంటు మూతపడి ఉండొచ్చు, కాగితాలు చెదలు తినొచ్చు. ఏటా వైద్య పరీక్ష రిపోర్టు నకలు, ఏ యూనిట్‌లో ఎన్నాళ్లు చేశావో రాసుకున్న నోటుబుక్కు, రెండూ ఇంట్లోనే దాచుకో.

మీ మామయ్య