రమ్యకు, కారు కొనేముందు

చి. సౌ. రమ్యకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్ ఫొటోను ఫోనులో పెద్దది చేసుకుని వరుసవరుసా చదివాను. కరెంటు కారు కొంటే ప్రభుత్వం ఎంత ఇస్తుందని అడిగావు. ముప్పై ఐదేళ్లు హనుమకొండలో అందరి ఆదాయపు పన్ను రిటర్నులూ రాసిన చేతులు కదా, ఎక్కడ ఇస్తుందని ముందు చూసుకోవడం నాకు అలవాటు. బండి ధరలో తగ్గిస్తుందా, రిజిస్ట్రేషన్ దగ్గర వదిలేస్తుందా, మనం కట్టే ఆదాయపు పన్నులోనా? షోరూములో ఈ మూడింటినీ కలిపి ఒక్క అంకె చెబుతారు. నువ్వు వాటిని విడదీసి రాసుకో.

ముందుగా, కరెంటు కారు కొంటే పన్నులో లక్షన్నర కలిసొస్తుందని షోరూములో సేల్స్ అబ్బాయి నీకు చెప్పిన సంగతి. అతను అబద్ధం ఆడలేదు, పాత మాట చెప్పాడు. ఆదాయపు పన్ను చట్టంలో 80ఈఈబీ అనే సెక్షన్ ఉండేది. కరెంటు బండి అప్పు మీద కట్టే వడ్డీలో ఏడాదికి లక్షన్నర దాకా ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అయితే ఆ అప్పు 2019 ఏప్రిల్ 1కీ 2023 మార్చి 31కీ మధ్య మంజూరై ఉండాలి. ఇప్పుడు తీసుకునే అప్పుకు అది వర్తించదు. పైగా మీ ఆయన కొత్త పన్ను విధానంలో ఉన్నాడు, అందులో ఈ మినహాయింపుకు అసలు చోటే లేదు.

వర్తించినా లక్షన్నర చేతికి వచ్చేది కాదమ్మా. పది లక్షల అప్పుకు 9 శాతం వడ్డీ వేసుకుంటే మొదటి ఏడాది వడ్డీ 90,000 లోపే. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి మిగిలేది 28,000 లోపు. ఆదాయంలోంచి తగ్గేదానికీ పన్నులోంచి తగ్గేదానికీ ఉన్న ఈ తేడా నా దగ్గరికి వచ్చిన చదువుకున్నవాళ్లలో సగం మందికి తెలిసేది కాదు.

పన్నులోంచే తగ్గించడమంటే ఏమిటో డాలస్‌లో మీ బావను అడుగు. అమెరికాలో కొత్త కరెంటు కారుకు 7,500 డాలర్ల దాకా పన్నులో నేరుగా తగ్గించేవారు. మొదట్లో అందులోనూ ఒక మెలిక ఉండేది. ఆ ఏడాది నీ పన్ను 4,000 డాలర్లే అయితే నీకు దక్కేది 4,000 మాత్రమే, మిగిలింది పోయినట్లే. 2024 నుంచి ఆ మొత్తాన్ని డీలర్ దగ్గరే ధరలో తగ్గించుకునే వీలు ఇచ్చారు. 2025 సెప్టెంబర్ 30 తర్వాత కొన్న కార్లకు ఆ పథకమే లేదు. నన్నడిగితే ధరలో తగ్గించడమే న్యాయం. పన్ను కట్టేంత ఆదాయం లేని ఆటో అన్నకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చి ఏం లాభం?

ఇక ధర. జీఎస్టీ కరెంటు బండికి 5 శాతమే. కొటేషన్‌లోని 14 లక్షల్లో అది కలిసే ఉంది, దాన్ని మళ్లీ లాభంగా లెక్కవేయకు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది కాబట్టి మునుపటంత తేడా ఇప్పుడు లేదు. కేంద్రం సబ్సిడీ సొంత వాడకం కార్లకు లేదు. కరెంటు బండ్లకు సబ్సిడీ ఇచ్చిన ఫేమ్-2 పథకంలో లేదు, తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లోనూ లేదు. సబ్సిడీ వచ్చిందని ఎవరైనా అంటే అది స్కూటర్ సంగతి.

స్కూటర్ అంటే నా తెలివి కూడా చెప్పాలి. 2023 వేసవిలో కరెంటు స్కూటర్ కొనబోయి, ఇంకో నెల ఆగితే ధర ఇంకా తగ్గుతుందని ఆగాను. జూన్ 1న కేంద్రం సబ్సిడీ తగ్గించింది. అప్పటిదాకా బండి ధరలో 40 శాతం దాకా ఉన్న పరిమితిని 15 శాతానికి దించారు. అదే స్కూటర్ నాకు ఇరవై వేలకు పైగా ఎక్కువ పడింది. ఊరందరికీ గడువు తేదీలు గుర్తుచేసిన మనిషివి అని మీ అత్తయ్య ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

నీకు అసలు డబ్బు మిగిలేది మన రాష్ట్రం దగ్గర. 2020 నాటి తెలంగాణ విధానంలో సొంత కార్లకు మొదటి 5,000 బండ్లకే రోడ్డు పన్ను మాఫీ. 2024 నవంబర్‌లో ఇచ్చిన జీవోలో ఆ సంఖ్యల పరిమితి తీసేశారు. 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా లేవు. ఇదే ధరకు పెట్రోలు కారు కొంటే లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) 17 శాతానికి తగ్గదు, అంటే 2,38,000 రూపాయలు. మిగతా రాయితీలన్నీ కలిపినా దీనికి సరితూగవు. బండి ఇక్కడే కొని ఇక్కడే రిజిస్టర్ చేయించాలి. నువ్వు కోరిన రంగు రావడానికి నెలలు పడుతుందంటే ఆ డిసెంబర్ తేదీని మనసులో పెట్టుకో. రంగు కోసం రెండు లక్షలు పోగొట్టుకునేవాళ్లను చూశాను.

ఇప్పుడు కొటేషన్‌లో కింది నుంచి నాలుగో వరుస చూడు. "రిజిస్ట్రేషన్, ఇతరములు: 26,500". పన్నూ ఫీజూ లేనప్పుడు ఇరవై ఆరున్నర వేలు దేనికి? నంబరు ప్లేటు, కార్డు లాంటి చిల్లర ఖర్చులు ఉంటాయి, కాదనను. అవి అంత కావు. వివరాలు విడివిడిగా కాగితం మీద రాసివ్వమని అడుగు. గట్టిగా అడగనక్కర్లేదు, రాసిమ్మంటే చాలు.

దాని కింద 14,000 టీసీఎస్ (అమ్మేవాళ్లే మన దగ్గర వసూలు చేసే ఆదాయపు పన్ను) ఉంది. పది లక్షలు దాటిన ఏ కారుకైనా ఒక శాతం వసూలు చేసి ప్రభుత్వానికి కడతారు. ఇది ఖర్చు కాదు, నీ పేరు మీద జమ అయిన పన్ను. రిటర్నులో చూపిస్తే పన్నులో తగ్గుతుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. చాలామంది తమ పేరున జమైన పన్నుల పట్టిక చూడక ఈ డబ్బు వదిలేస్తారు. కారు మీ అత్తగారి పేరున తీసుకోవాలని అనుకుంటున్నారన్నావు. అప్పుడు ఆవిడ పాన్ ఇవ్వాలి, ఆ 14,000 వెనక్కి రావాలంటే ఆవిడ చేత రిటర్ను వేయించాలి. ఆ పని ఎవరు చేస్తారో ముందే అనుకోండి.

చివరిగా, రాయితీలన్నీ కొట్టేసి ఒకసారి లెక్క చూసుకో. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారు. లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చే కారుకు, లీటరు 107 రూపాయల చొప్పున పెట్రోలు ఏడు వేలు దాటుతుంది. ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా, యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల లెక్కన పదిహేను వందల లోపే. అదే బయటి చార్జింగ్ మీద ఆధారపడితే ఈ లెక్క నిలవదు. అందుకని అడ్వాన్సు కట్టేలోపు అపార్ట్‌మెంట్ సంఘం దగ్గర పార్కింగ్‌లో మీటరు పెట్టుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకో. బ్యాటరీ వారంటీ కాగితం కూడా చదువు. బండితో పాటు వచ్చిన బ్యాటరీకి 5 శాతం పన్నే గాని, తర్వాత విడిగా కొంటే 18 శాతం.

ఆ 26,500 గురించి వాళ్లు ఏం చెప్పారో ఆదివారం ఫోను చేసి చెప్పు. హైదరాబాద్ నుంచి ఇక్కడికి నూట నలభై ఐదు కిలోమీటర్లే. దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చేయండి. వరండాలో 15 ఆంప్స్ ప్లగ్గు పెట్టించమని నిన్ననే ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను.

మీ మామయ్య