లలితకు: అమ్మను అడగబోయే ముందు

చిరంజీవి లలితకు, మీ తెలుగు టీచరు దీవెనలు.

ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) ముదురుతున్న అమ్మకు ఊపిరి యంత్రం పెట్టించాలా వద్దా అన్నది అన్నయ్యలు తేల్చడం కాదు, అమ్మనే అడుగుతానని నువ్వు రాసింది చదివి, తొమ్మిదో తరగతిలో నోరు విప్పని పిల్లకు ఇంత ధైర్యం ఎప్పుడొచ్చిందా అని గర్వపడ్డాను. ఆ వెంటనే భయమూ వేసింది. సంక్రాంతి వెళ్లాక తీరిగ్గా అడుగుతానన్నావు. అంతదాకా ఆగవద్దు.

వెల్లకిలా పడుకోలేకపోవడం, పొద్దున్నే తలనొప్పి, పగలు కునికిపాట్లు కనిపిస్తే, ఊదించి చూసే పరీక్షలో ఎఫ్‌వీసీ (గట్టిగా ఒక్కసారి ఊదగలిగే గాలి మొత్తం) ఉండాల్సినదాంట్లో సగానికి దిగేదాకా చూడకుండా బైపాప్ (మాస్కుతో ఊపిరికి తోడ్పడే యంత్రం) గురించి డాక్టరుతో మాట్లాడు. ఆహారం కోసం పొట్టకు గొట్టం వేయించుకోదలిస్తే అదీ ఊపిరి బలం ఉండగానే జరగాలి. 2006లో ఇంగ్లండు వైద్యులు ప్రచురించిన పరిశీలనలో, గొంతు కండరాలు మరీ దెబ్బతినని రోగులకు మాస్కు యంత్రం మధ్యస్థంగా 205 రోజుల ఆయుష్షు కలిపింది. మాస్కు సరిపడకపోతే తీసి పక్కన పెట్టవచ్చు. గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటరు తగిలించడం అంత తేలికగా వెనక్కి తీసుకునే పని కాదు.

నా తప్పు ఇక్కడే జరిగింది. ఇదే జబ్బు వచ్చిన మా ఆయన విద్యుత్ శాఖలో పనిచేసినవారు. బైపాప్ ఇంటికొచ్చిన వారంలోనే ఇన్వర్టరు వైపు చూస్తూ, "ఇది చాలని రోజు వస్తే ఏం చేద్దాం?" అని ముద్దమాటలతో అడిగారు. దీపాలు పెట్టే వేళ అవేం మాటలని కసిరాను. మరో నెలకు మాట పూర్తిగా పోయాక, వణికే వేళ్లతో పలక మీద "గొంతుకు గొట్టం" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. వద్దంటున్నారో, వేయిస్తావా అంటున్నారో తెలుసుకోకుండానే తుడిచేశాను. ముప్పై ఏళ్లు పిల్లలకు విరామచిహ్నాలు నేర్పినదాన్ని, ఆ ఒక్క గుర్తుకు అర్థం అడగలేదు.

తర్వాత ఒక తెల్లవారుజామున కఫం అడ్డుపడి ఆయాసపడ్డారు. పక్కింటివారు ఆక్సిజన్ సిలిండరు తెచ్చారు, వేలికి పెట్టిన మీటరులో అంకె పెరిగింది, మేము సంతోషించాం. ఈ జబ్బులో యంత్రం తోడు లేకుండా ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకోవచ్చని అప్పటికి మాకు తెలియదు. మత్తులోకి జారిపోయిన మనిషికి ఆసుపత్రిలో నోట్లో గొట్టం వేశారు, పదో రోజున గొంతుకు రంధ్రానికి నా సంతకం అడిగారు. పెట్టాను. ఆ తర్వాత ఇంట్లోనే పదకొండు నెలలు బతికారు. నేను అచ్చులు, హల్లులు చదువుతుంటే కావలసిన అక్షరం దగ్గర రెప్ప వేసేవారు. ఒక మధ్యాహ్నం, గొట్టం వేయించి తప్పు చేశానా అని అడిగాను. చాలాసేపటికి మూడు అక్షరాలు చెప్పారు: ప, ల, క. ఆ పూట ఇంకేమీ చదవలేకపోయాను.

అందుకని "వెంటిలేటరు కావాలా?" అని ఒక్క ప్రశ్నతో ముగించకు. ఏ స్థితిదాకా బతుకు బతుకులా ఉంటుందో, ఎప్పుడు చాలనిపిస్తుందో, తన తరఫున ఎవరు మాట్లాడాలో విడివిడిగా అడుగు, మళ్లీ మళ్లీ అడుగు, ఎందుకంటే జవాబు మారవచ్చు. అమ్మ కావాలంటే మొహం మాడ్చుకోకు. రాత్రింబవళ్లు మనిషి, కఫం తీసే సక్షన్ యంత్రం, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబు సంచి, రెండో బ్యాటరీ సిద్ధం చేయి. (కరెంటు సంగతి రెండుసార్లు చెబుతాను, విసుక్కోకు: బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో నెలనెలా చూడు.) స్టీఫెన్ హాకింగ్ 1985లో గొంతుకు రంధ్రం వేశాక 2018 దాకా జీవించారని చుట్టాలు చెబుతారు; ఆయన జబ్బు అసాధారణంగా నెమ్మదైనదని, చుట్టూ రాత్రింబవళ్లు నర్సులుండేవారని చెప్పరు.

వద్దంటే అదీ కాగితం మీదకు రావాలి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ముందస్తు వైద్య నిర్దేశాన్ని (మాట చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని) గుర్తించింది. 2023 జనవరిలో దాన్ని సులువు చేయడంతో ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతాయి. వద్దన్న మనిషికి ఆయాసం తెలియకుండా మందులిచ్చే పాలియేటివ్ వైద్యులు ఉన్నారని అమ్మకు ముందే చెప్పు, ఉక్కిరిబిక్కిరై పోతానన్న భయంతో ఆమె జవాబు చెప్పకూడదు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. నువ్వు అడుగుతున్నంతసేపు వంటింట్లో ఉంటాను, పిలిస్తేనే వస్తాను. ఆ పలక తెస్తున్నాను.

మీ టీచరు