పూట పని చేసినవారికి ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి వస్తుందా?

"రెండేళ్లు రోజుకు నాలుగు గంటలే పని చేశాను, దుకాణం మూసేశారు, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వారి భృతి నాకూ ఇస్తారా?" అని ఒకరు అడిగారు. ఇస్తారు. నాకు ఇచ్చారు. గంటలు ఎవరూ చూడరు, రోజులే లెక్క. కాకపోతే ఆ రోజులు రాసే కలం మన చేతిలో ఉండదు, చిక్కంతా అక్కడే.

నేను కూకట్‌పల్లిలో ఒక బట్టల దుకాణంలో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు బిల్లులు కొట్టేదాన్ని. 2021 అక్టోబరులో యజమాని దుకాణం ఎత్తేశాడు. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన (ఆ భృతి పథకం పేరే ఇది, పలికేసరికే సగం ఓపిక అయిపోతుంది) కింద దరఖాస్తు పెట్టబోతే, ఈఎస్‌ఐ ఆఫీసు కౌంటర్లో ఉన్నాయన కంప్యూటర్ చూసి, "ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మీకు 61 రోజులే ఉన్నాయమ్మా, 78 ఉండాలి" అన్నారు.

మే 12 నుంచి జూన్ 19 వరకు లాక్‌డౌన్, నిజమే. అయినా మరీ 61 ఎలా అవుతుంది? మా వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంది. పనికి వెళ్లిన రోజున తేదీ చుట్టూ సున్నా చుట్టేదాన్ని, జీతంలో కోత పెడితే అడగడానికి. ఆ రాత్రి సున్నాలు లెక్కపెట్టాను. 121.

మర్నాడు దుకాణం లెక్కలు రాసే ఆయన్ను నిలదీశాను. "మీరు చేసింది సగం పూటే కదమ్మా! రెండు పూటలు కలిపి ఒక రోజుగా రాశాను" అన్నాడు, ఏదో ధర్మం చేసినట్టు. ఈఎస్‌ఐ చందా కింద నా జీతంలో 0.75 శాతం కోసేటప్పుడు మాత్రం ఈ సగం ఎవరికీ గుర్తు రాలేదు! పూట పని చేసే ఆడవాళ్లంటే కాలక్షేపానికి వచ్చినవాళ్లని ఈ లెక్కల వాళ్లందరికీ ఒక నమ్మకం.

క్యాలెండర్ పట్టుకుని యజమాని ఇంటి వరండాలో కూర్చున్నాను. మూడు వారాలు తిప్పించుకుని చివరికి సవరించి పంపారు. అంతకు ముందు అరేడాది కూడా ఇదే తంతు కాబట్టి దాన్నీ సరిచేయించాను, ఎందుకంటే ఆ రెండేళ్లలోని మిగతా మూడు అర్ధ సంవత్సరాల్లో ఒకదానిలోనైనా 78 రోజులు ఉండాలన్నది అప్పటి షరతు.

డబ్బు సంగతి. నా రెండేళ్ల సంపాదన 1,75,200 రూపాయలు. దాన్ని పనిచేసిన రోజులతో కాదు, రెండేళ్ల మొత్తం రోజులు 730తో భాగించారు. ఆదివారాలు, లాక్‌డౌన్లు అన్నీ అందులోనే. రోజుకు 240, అందులో సగం 120, తొంభై రోజులకు 10,800. అంతకు మించి ఇవ్వరు. పాపకు స్కూలు ఫీజు ఒక వాయిదా కట్టాను.

నాకు జాలి వేసేది వారానికి మూడు రోజులు వెళ్లేవారిని చూస్తే. ఆరు నెలలకు 26 వారాలు, సరిగ్గా 78. ఒక్కరోజు జ్వరంతో పడుకుంటే 77. అదే రోజూ రెండు గంటలు వెళ్లే మనిషికి ఏ బెంగా లేదు. ఇదేం లెక్కో!

మీ ఈఎస్‌ఐ నంబరుతో వెబ్‌సైట్లో నెలనెలా ఎన్ని రోజులు చూపించారో ఈ రోజే చూసుకోండి, దుకాణం వాళ్లు ఫోను ఎత్తుతున్నప్పుడే. గడువు పొడిగించుకుంటూ నడుపుతున్న పథకం కనుక ఇప్పుడు అమల్లో ఉందో లేదో కనుక్కుని, పని పోయిన 30 రోజుల తర్వాత వెళ్లండి. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు ఇంటి దగ్గరే తీయించుకోండి. ఆ ఆఫీసు ఎదురుగా పేజీకి ఐదు రూపాయలు తీసుకున్నారు నా దగ్గర.